ఎడమచేతి వాటం నాన్నగారికి మడత చాకు చేయించాలి: బెజవాడ, గుంటూరు వైపు చేసేవాళ్లున్నారా?

పటమట రసాలు
నమస్తే అందరికీ. మా నాన్నగారికి చేత్తో చేసిన మడత చాకు ఒకటి ఆర్డరిచ్చి చేయించాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆయనకు నూజివీడు దగ్గర మామిడి నర్సరీ ఉంది. తొలకరి పడిందంటే పొద్దస్తమానం అంటు కట్టడమే పని. ఆయనది ఎడమచేతి వాటం. ఇక్కడ కొట్లలో దొరికే అంటు చాకులన్నీ కుడిచేతి వాళ్లకు చేసినవే. అందుకని ఇన్నేళ్లూ షేవింగ్ బ్లేడును సగానికి విరిచి దానితోనే నెట్టుకొచ్చారు. ఇప్పుడు బొటనవేలి కీలు పట్టేస్తోంది. అంత సన్నటి బ్లేడును గట్టిగా పట్టుకోలేకపోతున్నారు.

నేను అనుకుంటున్నది లైనర్ లాక్ (తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టే తాళం), డమాస్కస్ బ్లేడు (ఉక్కు మీద అలల్లాంటి గీతలుండేది), ఎర్రచందనం పిడి. బడ్జెట్ పది వేలు, కాస్త పెరిగినా పర్వాలేదు. ఆర్డరిచ్చే ముందు ఏం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట 4వ లైను
ముందు ఎర్రచందనం మాట వదిలేయండి. సరైన కాగితాలు లేకుండా చిన్న ముక్క మీ దగ్గరున్నా కేసే. "తెలిసినవాళ్ల ఇంట్లో పాత దుంగ ఉంది, ఓ ముక్క ఇస్తారు" అని ఎవరైనా చెప్పినా తీసుకోవద్దు. నాన్నగారికి ప్రేమగా ఇచ్చే వస్తువు, దాంతో ఆయనకు టెన్షన్ ఎందుకు? చింత చేవ చూడండి. బరువుగా, నల్లగా, ముదురు చారలతో ఉంటుంది, చెక్కడం కష్టం కానీ చెక్కాక నున్నగా వస్తుంది. పాత మంచాల నుంచి వచ్చిన జిట్రేగి ముక్కలు కూడా బాగుంటాయి.

ఆటోనగర్ లేత్
ఉక్కు గురించి రెండు మాటలు. ఇక్కడ ఎవరినడిగినా "లారీ కమాను పట్టీ ఉంది, దాంతో చేసిస్తా" అంటారు. కమాను పట్టీ చెడ్డ ఉక్కు కాదు. కత్తిపీటకీ, కొబ్బరికాయ కొట్టే కత్తికీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. కానీ లక్షల కిలోమీటర్లు తిరిగిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లుంటాయి. పైగా కార్బన్ 0.6 శాతం దగ్గరే ఉంటుంది. అంటు చాకుకు కావలసింది సన్నటి వాదర, చాలాసేపు నిలిచే వాదర. దానికి బేరింగ్ ఉక్కు మేలు. మా దగ్గర ఇఎన్31 అంటాం, బయటి దేశాల్లో 52100 అంటారు. కార్బన్ 1 శాతం, క్రోమియం 1.5 శాతం. కొత్త కడ్డీయే కొనమనండి. పాత బేరింగు ముక్కల్లో కొన్నింటికి పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది, లోపల మెత్తన. సానపట్టేకొద్దీ ఆ సంగతి బయటపడుతుంది.

సాన రాయి
బేరింగ్ ఉక్కు మంచిదే, కానీ చాకు చేసే పనేంటో కూడా చూడాలి కదా. మామిడి జీడి (సొన) తగులుతుంది, మొక్క మొక్కకీ మధ్య స్పిరిట్‌తో తుడుస్తారు, చుట్టూ వానాకాలం తేమ. సాయంత్రానికి కార్బన్ ఉక్కు మీద నల్ల మచ్చలొస్తాయి. నలుపుతో నష్టం లేదు. కానీ ఒక్క రాత్రి తుడవడం మరిచిపోతే ఎర్ర తుప్పు పడుతుంది, అది వాదరనే తినేస్తుంది. నేనైతే స్టెయిన్‌లెస్ వైపే మొగ్గుతాను. అయితే ఏదో ఒక స్టెయిన్‌లెస్ కాదు. స్వీడన్ వాళ్ల ఎఇబి-ఎల్ అనే ఉక్కును షేవింగ్ బ్లేడుల కోసమే తయారుచేశారు. 14సి28ఎన్ కూడా ఆ కుటుంబానిదే. ఇన్నేళ్లూ నాన్నగారి చేతికి అలవాటైంది షేవింగ్ బ్లేడు పదునే, దాని దగ్గరకు రాగలిగేది ఈ ఉక్కే.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. అంటు చాకును ఒక్క పక్కనే సానపడతారు. ఒక ముఖం పూర్తిగా చదును, రెండోది వాలు. ఉంచుకునే పుల్ల వైపు చదును ముఖం రావాలి, చెక్కి పారేసే వైపు వాలు. అప్పుడే కోత అద్దంలా చదునుగా వస్తుంది, టెంక మొక్కకూ (అడుగున ఉండే వేరు మొక్క) దాని మీద కట్టే అంటు పుల్లకూ మధ్య సందు లేకుండా అతుకుతుంది. ఎడమచేతి వాళ్లు కుడిచేతి చాకు పడితే వాలు పుల్ల వైపు వస్తుంది. చాకు పైకి ఎగదన్ని కోత గుంట పడుతుంది. కాబట్టి ఆర్డరులో మొదటి వాక్యమే "ఎడమచేతి వాటం, ఒక పక్క సాన" అని రాయండి. బ్లేడు తెరవడానికి పెట్టే గోటి గాడి కూడా అవతలి పక్కకు మారాలి.

కృష్ణలంక కరకట్ట
జర్మనీలో టీనా అనే కంపెనీ ఎడమచేతి వాళ్లకూ అంటు చాకులు చేస్తుంది. తెప్పించుకుంటే సరిపోదా? చేయించడం ఎందుకు ఇంత శ్రమ పడి?

పటమట రసాలు
చూశానండీ. మంచి సరుకే. కానీ అది గోటితో లాగి తెరవాలి, లోపల స్ప్రింగు గట్టిగా ఉంటుంది. నాన్నగారి బొటనవేలు ఇప్పుడు ఆ లాగుడుకు సహకరించదు. ఇంట్లో ఉన్న మామూలు పండ్ల చాకు తెరవడానికే అమ్మను పిలుస్తున్నారు. అమ్మ నవ్వుతూ తెరిచిస్తుంది గానీ, నర్సరీలో ఆయన పక్కన ఎవరూ ఉండరు.

చిన్న కొలిమి
నేను తాడేపల్లిలో ఇంటి వెనక షెడ్డులో చాకులు చేస్తాను. ఎక్కువగా వంటింటి కత్తులు, అప్పుడప్పుడు మడతవి. పటమట గారూ, మీరు ఈ బొటనవేలి సంగతి మొదటి పోస్టులో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. నా దృష్టిలో ఆర్డరంతా దాని మీదే నిలబడాలి. ఉక్కు, చెక్క, నగిషీ అన్నీ తర్వాత.

మడత చాకులో డబ్బూ, సమయమూ పోయేది బ్లేడు మీద కాదు, కీలు మీద. మూడు రకాలు చెబుతాను.

లైనర్ లాక్ అంటే పిడి లోపలి రేకు ఒకటి పక్కకు వంగి బ్లేడు వెనక అడ్డం పడుతుంది. ఇప్పుడు మనం చూసే రూపంలో దాన్ని 1980ల మొదట్లో మైఖేల్ వాకర్ అనే అమెరికన్ పనివాడు తీర్చిదిద్దాడు. కుడిచేతి బొటనవేలితో ఆ రేకును నెట్టి మూస్తారు. ఎడమచేతి వాళ్లకు మొత్తం తిరగేసి చేయాలి. తిరగేసి చేసినా నెట్టాల్సింది బొటనవేలితోనే. నాన్నగారికి నొప్పి ఉన్నదీ ఆ వేలికే. కాబట్టి లైనర్ లాక్ వద్దు.

రెండోది స్ప్రింగు చాకు, మన తాతల జేబుల్లో ఉండేది. వెన్ను వెంబడి ఉన్న స్ప్రింగు పట్టీ బ్లేడు మడమను నొక్కి పట్టుకుంటుంది. తాళం ఉండదు. దీన్ని బాగా చేయడం మహా కష్టం. బ్లేడు తెరిచినప్పుడు, సగంలో, మూసినప్పుడు, మూడు చోట్లా స్ప్రింగు వెన్ను పిడితో సమానంగా, వేలికి తగలకుండా ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా గోటికి తెలిసిపోతుంది. ఆ మూడూ కలిసేదాకా రాకడం, బిగించడం, విప్పడం, మళ్లీ రాకడం. బ్లేడును రాక్‌వెల్ సి (ఉక్కు గట్టిదనం కొలిచే లెక్క) 59, 60 దాకా గట్టిపరిస్తే, స్ప్రింగును అంతకంటే మెత్తగా ఉంచాలి, లేకపోతే విరుగుతుంది. నాన్నగారి వేలికి తగ్గట్టు స్ప్రింగు వదులు చేస్తే బ్లేడు నిలవదు, బిగిస్తే ఆయన తెరవలేరు.

మూడోది స్ప్రింగూ తాళం రెండూ లేనిది. మంగలి కత్తి చూడండి. బ్లేడు వెనక చిన్న తోక ఉంటుంది, వేలితో దాన్ని నొక్కితే తెరుచుకుంటుంది. జపాన్‌లో మికి ఊళ్లో చేసే హిగోనొకామి చాకుదీ ఇదే పద్ధతి. తెరిచాక ఆ తోక పిడి వెన్ను మీద పడుకుంటుంది. మీరు పిడిని పట్టుకుంటే అరచెయ్యే తోకను అదిమి పెడుతుంది, బ్లేడు మూసుకోవడానికి వీలుండదు. కీలు దగ్గర ఒక స్క్రూ, రెండు పక్కలా కంచు వాషర్లు. ఎంత బిగువు కావాలో స్క్రూతో సరిచేసుకోవచ్చు. నాన్నగారు గోరు వాడనక్కర్లేదు, బొటనవేలు వంచనక్కర్లేదు. తోకను బల్ల అంచుకో మోకాలికో ఆనించి నొక్కినా తెరుచుకుంటుంది. నా సలహా ఇదే.

సాన రాయి
చిన్న కొలిమి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన మాట. ఇంకో కారణం కూడా ఉంది. అంటు కోతలో బలమంతా వాదర మీదే పడుతుంది, అది బ్లేడును తెరిచే వైపే నెడుతుంది. అందుకే తాళం లేకపోయినా ప్రమాదం లేదు. ప్రమాదమంతా బెరడు ఎత్తడానికి చాకు వెన్నును వాడినప్పుడు. అప్పుడు బలం తిరగబడి బ్లేడు వేళ్ల మీదకు మూసుకుంటుంది. బెరడు ఎత్తడానికి పిడి చివర ఇత్తడి నాలుక ఒకటి విడిగా పెట్టించండి. వెన్నుతో ఎత్తే అవసరమే రాకూడదు.

ఆటోనగర్ లేత్
కానీ జేబులో ఉన్నప్పుడు స్ప్రింగు లేని చాకు తెరుచుకోదా? నాకు అదొక్కటే అనుమానం.

చిన్న కొలిమి
మంచి ప్రశ్న. స్క్రూ బిగువు సరిగా ఉంటే ఊరికే తెరుచుకోదు. అయినా జేబు మీద ఆధారపడకూడదు. నడుముకు తోలు సంచి, పైన మూత. సంచిలో చాకు మడత వైపు కిందకు ఉండేలా కుడతాను. మూతకు గుండీ కాదు, లోపలికి దోపే నాలుక. గుండీ కూడా బొటనవేలి పనే కదా.

కోర్టు రోడ్డు
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. ఆయుధాల చట్టం 1959 నాటిది, ప్రస్తుత నిబంధనలు 2016వి. 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న బ్లేడుల గురించి వాటిలో మాట్లాడారు. ఇంటిపనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమలకీ చేసినవాటిని వేరుగా ఉంచారు. అంటు చాకు బ్లేడు మూడు అంగుళాలు కూడా ఉండదు, పైగా వ్యవసాయ పనిముట్టు. నర్సరీలో, ఇంట్లో వాడుకోవడానికి ఇబ్బంది లేదు. కానీ మీట నొక్కగానే టపీమని తెరుచుకునే రకం అడగొద్దు. ఢిల్లీ లాంటి చోట్ల అలాంటివాటి మీద విడిగా ఆంక్షలున్నాయి, పోలీసులు చూసే చూపు కూడా వేరే. గన్నవరం నుంచి విమానం ఎక్కితే చేతి సంచిలో పెట్టకండి, చెక్‌-ఇన్ సామానులో వేయండి. జాతరలకు, సభలకు జేబులో పెట్టుకుని వెళ్లొద్దు. అక్కడ దాని పనేమీ లేదు.

మంగళగిరి నేత
డబ్బుల విషయం. నేను ఒకసారి వేరే రాష్ట్రంలో ఒకాయనకు మొత్తం సొమ్ము ముందే పంపాను. ఫొటోలు బాగా పెట్టేవాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. సొమ్మూ రాలేదు, చాకూ రాలేదు. అప్పటినుంచి ఎవరడిగినా ఇదే చెబుతున్నాను: ముందు సామాను ఖర్చు మాత్రమే ఇవ్వండి. మిగతాది పనయ్యాక, వీడియోలో తెరిచి మూసి చూపించాక. చేసేవాళ్లు దీన్ని అవమానంగా తీసుకోకూడదు.

చిన్న కొలిమి
అస్సలు తీసుకోను. నిజానికి మొత్తం ముందే తీసుకుంటే నాకే రాత్రి నిద్రపట్టదు. పని మొదలుపెట్టే రోజున సామాను డబ్బు, పూర్తయ్యాక మిగతాది. ఇంకోటి కూడా రాయించుకోండి. తర్వాత కీలు వదులైతే, పిడి పగిలితే ఎవరు బాగుచేస్తారు? మనిషి చేతి వస్తువు కొనడంలో ఉన్న అసలు లాభం అక్కడే ఉంది. చేసినవాడు దగ్గర్లో ఉంటే దాన్ని మళ్లీ అతని ముందు పెట్టొచ్చు.

పటమట రసాలు
డమాస్కస్ గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఆ గీతలంటే నాకు చాలా ఇష్టం. నాన్నగారికి అందమైన వస్తువు ఇవ్వాలని ఉంది.

కృష్ణలంక కరకట్ట
అందం కోరుకోవడం తప్పేం కాదు. మన తెలుగు నేల మీద నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించేవాళ్లు, దాన్ని కొనడానికి పర్షియా వ్యాపారులు వచ్చేవాళ్లు. ఆ ఉక్కు గీతలు లోపలి నుంచి వచ్చినవి. ఇప్పుడు డమాస్కస్ పేరుతో అమ్మేది ఎక్కువగా రెండు రకాల ఉక్కులు పొరలుగా అతికించి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినది. మంచి పనివాడు చేస్తే అదీ గొప్ప పనే. కానీ మామిడి జీడిలో, స్పిరిట్‌లో రోజూ నలిగే చాకు మీద ఆ గీతలు ఎక్కువకాలం నిలవవు. ఆ డబ్బు కీలుకూ, పిడికీ పెట్టండి. అందం కావాలంటే చింత చేవ చారలు చాలవా?

చిన్న కొలిమి
ఒప్పుకుంటాను. ఇక పిడి కొలత. చెయ్యి ఫొటో పంపితే సరిపోదు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెక్క ముక్క ఒకటి తెచ్చి, నేను పంపే అట్ట నమూనా ప్రకారం బొమ్మ చాకు చెక్కించండి. పొణికి చాలా మెత్తన, అసలు పిడికి పనికిరాదు, కానీ నమూనాకు దాన్ని మించింది లేదు. దానికి ముందు షేవింగ్ బ్లేడు ముక్క గట్టిగా బిగించి, నాన్నగారిని నర్సరీలో కొన్నాళ్లు వాడనివ్వండి. కడగొద్దు, తుడవొద్దు. అలాగే నాకు పంపండి.

పటమట రసాలు
చేశాం. నాన్నగారు మొదట "బొమ్మతో అంటేంట్రా" అన్నారు గానీ, ఒకసారి చేతిలోకి తీసుకున్నాక మళ్లీ కింద పెట్టలేదు. ఇప్పుడది నా బల్ల మీద ఉంది. తెల్ల చెక్క మీద జీడి మరకలు గోధుమరంగుకు తిరిగాయి. చూపుడువేలు ఆనే చోట నిండుగా నల్లటి మచ్చ ఉంది. బొటనవేలు ఆనాల్సిన చోట మాత్రం చెక్క తెల్లగానే ఉంది. ఆయన బొటనవేలు అసలు పిడి మీద పెట్టడమే లేదు, పక్కకు చాపి పుల్లకు ఆనిస్తున్నారు. చిటికెన వేలి దగ్గర చెక్క నొక్కుకుపోయి చిన్న గుంట పడింది. పట్టంతా కింది మూడు వేళ్లదే. ఇన్నేళ్లు పక్కన కూర్చుని చూసినా నాకు ఈ సంగతి తెలియలేదు.

చిన్న కొలిమి
ఈ ఒక్క ఫొటో నాకు పది డ్రాయింగుల పెట్టు. దీన్నిబట్టి మారేవి చెబుతున్నాను. చిటికెన వేలి దగ్గర పిడి లావు పెంచి, కిందికి కొక్కెంలా వంచుతాను, పట్టు జారదు. చూపుడువేలి దగ్గర లోతైన గుంట. బొటనవేలి వైపు పిడిని పలచన చేస్తాను, పుల్లకు దగ్గరగా వేలు చాపుకోవడానికి అడ్డు ఉండకూడదు. తోక పొడవు కూడా తగ్గించాలి, లేకపోతే అరచేతి మొదట్లో గుచ్చుకుంటుంది. బ్లేడు 65 మిల్లీమీటర్లు, మందం రెండున్నర, వాదర తిన్నగా, మొన కాస్త కిందికి. ఉక్కు 14సి28ఎన్. దీన్ని కొలిమిలో రంగు చూసి గట్టిపరచలేం, వెయ్యి డిగ్రీలు దాటిన వేడి కొలతగా నిలవాలి. ఫర్నేసు ఉన్నచోట చేయించి, గట్టిదనం కొలిచిన చీటీ మీకు ఇస్తాను.

సాన రాయి
చీటీ అడిగి తీసుకోవడం మరవొద్దు. చేతికొచ్చాక చూడాల్సినవి కూడా రాసిపెడుతున్నాను. బ్లేడు తెరిచి మొన పట్టుకుని పక్కలకు ఊపండి, టకటకమంటే కీలు వదులు. మూసి పైనుంచి చూడండి, బ్లేడు రెండు రేకుల మధ్య నడిమికి ఉండాలి. మూసినప్పుడు వాదర లోపల దేనికీ తగలకూడదు. తగిలితే మీరు ఎంత సానపట్టినా ప్రతి మూతకూ ఒకచోట మొద్దుబారుతుంది. చివరికి ఒక మామిడి పుల్ల కోసి రెండు ముక్కల్ని కలిపి ఎండకు ఎత్తి చూడండి. మధ్యలో వెలుగు కనపడకూడదు. కాగితం కోసే వీడియోల కంటే ఈ పరీక్ష నమ్మకమైనది.

పటమట రసాలు
చాకు వచ్చింది. తాడేపల్లి వెళ్లి నేనే తీసుకొచ్చాను. చింత చేవ మీద నూనె పట్టించాక చారలు బాగా లేచాయి. సాన రాయి గారి పరీక్షలన్నీ చేశాను, మొన ఊగలేదు, పుల్లల మధ్య వెలుగు రాలేదు. నాన్నగారు తోకను మోకాలికి ఆనించి తెరిచారు, ఎవరూ చెప్పకుండానే. మూసేటప్పుడు మాత్రం స్క్రూ కాస్త బిగువనిపించిందట, చిన్న కొలిమి గారు ఫోన్‌లో చెప్పినట్టు పావు చుట్టు వదులు చేశాం, సరిపోయింది. ఒక ప్రశ్న. కీలులో ఏ నూనె వేయాలి? ఇంట్లో కొబ్బరినూనె ఉంది.

ఆటోనగర్ లేత్
కొబ్బరినూనె వద్దండీ. చలికాలంలో గడ్డకడుతుంది, కొన్నాళ్లకు జిగటగా మారి దుమ్ము పడుతుంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే పుల్లకు అంటుతుంది. నూనె తగిలిన కోత సరిగా అతకదు కాబట్టి పనికి ముందు బ్లేడును స్పిరిట్‌తో తుడవమనండి.

సాన రాయి
సాన విషయం కూడా చెప్పేస్తాను. వాలు వైపు మాత్రమే రాయి మీద రుద్దాలి. చదును ముఖాన్ని బల్లపరుపుగా రాయి మీద పరిచి, అంచున లేచిన పొర పోయేలా రెండు మూడు సార్లు జరిపితే చాలు. చదును వైపు కొంచెం ఎత్తి రుద్దినా ఆ ముఖం పాడవుతుంది. మీ నాన్నగారికి రాయి కొత్త కాకపోవచ్చు గానీ, ఇన్నేళ్లూ విరిచి పారేసే బ్లేడులే వాడారు కాబట్టి మొదటి రెండుసార్లు పక్కన కూర్చోండి. ఈ చాకు పదును ఆయన చేతిలోనే ఉంటుంది.